జాగ్రఫీ పాఠానికి ఏ డిజిటల్ సాధనం? గ్లోబ్, జీఐఎస్, ఫోన్, వీఆర్‌లలో ఎవరికి ఏది నప్పుతుంది

స్కూల్లో ప్రొజెక్టర్ ఉంది, నాలుగైదు కంప్యూటర్లున్నాయి, నెట్ ఒక్కోసారి వస్తుంది. వచ్చే వారం నదుల పాఠం మొదలుపెట్టాలి. ఏం తెరవాలి? గూగుల్ ఎర్తా, వీడియోనా, క్విజ్ యాపా, లేక ట్రైనింగ్‌లో ఎవరో గొప్పగా చెప్పిన, మ్యాప్ మీద రకరకాల వివరాలను పొరలుగా పరిచి చూసే జీఐఎస్సా? సాధనాలకు కొదవ లేదు. ఏది పట్టుకోవాలో, దేన్ని పక్కన పెట్టాలో తేల్చుకోవడం దగ్గరే టీచర్లు ఆగిపోతున్నారు.

నేను వీటిని ఒక్క ప్రశ్నతో జల్లెడ పడతాను. పిల్లలు ముందు ఊహించి, తర్వాత సరిచూసుకునే వీలు ఆ సాధనంలో ఉందా? ఉంటే అది పనికొస్తుంది. టీచర్ చూపిస్తుంటే పిల్లలు నోరు తెరిచి చూస్తూ కూర్చునేదైతే, అది ఎంత అందంగా ఉన్నా రెండో వరుసలోనే ఉంటుంది. కింద ఇచ్చిన సలహాలన్నీ ఈ మొగ్గుతో రాసినవేనని ముందే చెప్పేస్తున్నాను.

## ముందు తేల్చుకోవాల్సినవి

పాఠంలో అసలు ప్రశ్న ఏమిటి? జాగ్రఫీ పాఠాలు చాలావరకు నాలుగు ప్రశ్నల చుట్టూ తిరుగుతాయి. అది ఎక్కడుంది, అక్కడే ఎందుకుంది, కాలంతో ఎలా మారింది, అది జరిగే తీరు ఏమిటి. "ఎక్కడ" అన్నదానికి గూగుల్ ఎర్త్ లాంటి, తెర మీద తిరిగే గ్లోబ్ చాలు. "ఎలా మారింది" అన్నదానికి పాత ఉపగ్రహ చిత్రాలు కావాలి. "అక్కడే ఎందుకు" అని అడగాలంటే వర్షపాతం, నేల, ఎత్తు, జనాభా లాంటివి ఒకదాని మీద ఒకటి పరిచి చూడాలి, అది జీఐఎస్ పని. "జరిగే తీరు"కు మంచి యానిమేషన్ చాలు. ప్రశ్న తేలకుండా సాధనం ఎంచుకుంటే, క్లాసు అయిపోయాక పిల్లలకు సాధనం పేరు ఒక్కటే గుర్తుంటుంది.

మౌస్ ఎవరి చేతిలో ఉంటుంది? ఒకే తెర ఉంటే టీచర్ చేతిలో. ల్యాబ్ ఉంటే ఇద్దరు ముగ్గురికి ఒకటి. ట్యాబ్‌లు ఉంటే ప్రతి ఒక్కరి చేతిలో. ప్రతి ఒక్కరి చేతిలో ఉండటమే మేలని అనుకుంటాం గానీ, ఇద్దరికి ఒక కంప్యూటర్ ఉన్నప్పుడే మాటలు ఎక్కువ నడుస్తాయి. "అక్కడ కాదురా, ఇటు చూడు" అని ఒకడు అన్నప్పుడే రెండోవాడు ఎందుకో చెప్పాల్సి వస్తుంది.

నెట్. ఉందా లేదా అని కాకుండా, క్లాసంతా ఒకేసారి తెరిస్తే నిలబడుతుందా అని అడగండి. స్టాఫ్ రూములో ఒక్కరే కూర్చుని చూసినప్పుడు చక్కగా నడిచిన సైటు, పాతిక మంది ఒకేసారి తెరిచేసరికి తిరుగుతున్న చక్రం దగ్గరే ఆగిపోతుంది.

ఎన్నాళ్లుంటుంది? దీన్ని చాలామంది పట్టించుకోరు. 2020 డిసెంబర్ 31తో అడోబ్ ఫ్లాష్‌కు సపోర్ట్ ఆగిపోయింది. దాంతో అప్పటిదాకా టీచర్లు వాడుకున్న ఎన్నో జాగ్రఫీ యానిమేషన్లు తెరుచుకోవడం మానేశాయి. వీఆర్‌లో దూరప్రాంతాలను చూపించే గూగుల్ ఎక్స్‌పెడిషన్స్ యాప్ 2021లో మూతపడింది. మీరు చేసుకున్న పనిని బయటికి తీసుకునే దారి ఉన్న సాధనానికి ఎక్కువ మార్కులు వేయండి. కేఎంఎల్ (మ్యాప్ గుర్తులు దాచే ఫైలు), సీఎస్‌వీ (పట్టికలా ఉండే మామూలు ఫైలు) లాంటి ఫైళ్లుగా దాచుకున్న పని, సాధనం పోయినా మిగులుతుంది.

ఇక ప్రిపరేషన్‌కు పట్టే టైమ్, పిల్లలతో అకౌంట్ తెరిపించాలా వద్దా అన్నవి. లాగిన్ అడగని సాధనం దొరికితే అదే తీసుకోండి. వయసు నిబంధనలు, తల్లిదండ్రుల అనుమతులు, మర్చిపోయిన పాస్‌వర్డ్‌లు, ఈ టెన్షన్లన్నీ ఒక్కసారే తప్పుతాయి.

| సాధనం | నప్పే ప్రశ్న | నెట్ లేకుండా | టీచర్ ప్రిపరేషన్ | ఒకే తెర ఉంటే | ఇబ్బంది ఎక్కడ |
|---|---|---|---|---|---|
| వర్చువల్ గ్లోబ్ | ఎక్కడ, ఎలా మారింది | కొంతవరకు | తక్కువ | బాగా నడుస్తుంది | చూసి ఊరుకోవడం |
| తాజా డేటా సైట్లు | ఇప్పుడేం జరుగుతోంది | కుదరదు | మధ్యస్థం | బాగా నడుస్తుంది | రంగులను అపార్థం చేసుకోవడం |
| జీఐఎస్ | అక్కడే ఎందుకు | క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ అయితే కుదురుతుంది | ఎక్కువ | ఓ మోస్తరు | మొదట్లో తికమక |
| ఫోన్, ఫీల్డ్ వర్క్ | మన చుట్టూ ఏముంది | కుదురుతుంది | మధ్యస్థం | తెరతో పని లేదు | కొలతల్లో తేడాలు |
| వీఆర్, ఏఆర్ | అక్కడ ఉంటే ఎలా ఉంటుంది | యాప్‌ని బట్టి | ఎక్కువ | కష్టం | ఖర్చు, వంతులు |
| వీడియో, యానిమేషన్ | జరిగే తీరు | ముందే దించుకుంటే సరి | చాలా తక్కువ | బాగా నడుస్తుంది | పిల్లలకు పని ఉండదు |
| క్విజ్, ఆటలు | పేరు, చోటు | కొన్ని | తక్కువ | బాగా నడుస్తుంది | పేర్ల దగ్గరే ఆగిపోవడం |

## వర్చువల్ గ్లోబ్: మొదట పట్టుకోవాల్సింది ఇదే

కీహోల్ అనే సంస్థ తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌ను 2004లో గూగుల్ కొనుక్కుంది. అదే 2005లో గూగుల్ ఎర్త్‌గా వచ్చింది. ఇప్పుడు కంప్యూటర్‌కు రెండు రూపాల్లో దొరుకుతోంది. బ్రౌజర్‌లో నేరుగా తెరుచుకునేది ఒకటి, కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే ప్రో వెర్షన్ ఇంకొకటి. ప్రో కూడా 2015 నుంచి ఉచితమే. నెట్ సరిగా ఉండని స్కూలుకు ప్రో మేలు. ముందురోజు నెట్ ఉన్నచోట ఆ ప్రాంతమంతా ఒకసారి తిప్పి, దగ్గరగా, దూరంగా చూసి పెట్టుకుంటే ఆ చిత్రాలు కంప్యూటర్‌లో నిల్వ ఉంటాయి. క్లాసులో నెట్ పోయినా పాఠం ఆగదు.

నదుల పాఠానికి నేనైతే పెరూలోని ఉకయాలి నదిని తెరుస్తాను, పుకాల్పా నగరం పరిసరాల్లో. అమెజాన్‌లోకి నీరు చేర్చే నది ఇది, విపరీతంగా మెలికలు తిరుగుతుంది. గూగుల్ ఎర్త్‌లోని టైమ్‌లాప్స్‌లో 1984 నుంచి ఏటేటా ఈ నది ఎలా కదిలిందో కనిపిస్తుంది. అయితే వెంటనే ప్లే నొక్కకూడదు. మొదటి ఏడాది దగ్గరే ఆపి, పిల్లలను కాగితం మీద నదిని గీయమనాలి. ఏ మెలిక తెగిపోయి ఆక్స్‌బో సరస్సు అవుతుందో ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టమనాలి. ఎందుకు అక్కడే గుర్తు పెట్టారో పక్కవాళ్లకు చెప్పమనాలి. మెలికకు బయటి ఒడ్డున నీరు వేగంగా పోయి మట్టిని కోస్తుంది, లోపలి ఒడ్డున నెమ్మదించి ఇసుక మేట వేస్తుంది. ఈ మాట టీచర్ చెప్పకముందే ఎవరో ఒకరు దాని దగ్గరికి వచ్చేస్తారు. అప్పుడు ప్లే నొక్కాలి. గురి తప్పినవాళ్లే ఎక్కువ ఆసక్తిగా చూస్తారు. వాళ్లు ఏం చూసి అలా అనుకున్నారో అడిగితే మిగతా పీరియడ్ దానంతటదే నడిచిపోతుంది.

అదే టైమ్‌లాప్స్‌లో మధ్య ఆసియాలోని ఆరల్ సముద్రం (పేరుకే సముద్రం, నిజానికి సరస్సు) కూడా చూపిస్తారు చాలామంది. చూపించాల్సిందే గానీ, ఒక చిన్న మెలిక ఉంది. 1960 నాటికి ఆ సరస్సు దాదాపు 68,000 చదరపు కిలోమీటర్లు. పత్తి సాగు కోసం అము దర్యా, సిర్ దర్యా నదుల నీటిని మళ్లించడంతో అప్పటినుంచే ఎండడం మొదలైంది. టైమ్‌లాప్స్‌లో మొదటి చిత్రం 1984ది. అంటే పిల్లలు "ముందు ఇలా ఉండేది" అనుకుంటూ చూసే సరస్సు అప్పటికే చాలా కుంచించుకుపోయినది. పక్కనే 1960 నాటి మ్యాప్ ఒకటి పెట్టకపోతే కథ సగం నుంచి మొదలవుతుంది. ఉత్తర భాగంలో 2005లో కోక్-ఆరల్ ఆనకట్ట పూర్తయ్యాక నీరు కొంత తిరిగి చేరిన సంగతి కూడా చూపించండి. లేకపోతే పర్యావరణం పాఠమంటే ఏడుపు కథేనని పిల్లలు తీర్మానించుకుంటారు.

గ్లోబ్ చెప్పకుండా దాచే విషయాలు కొన్నున్నాయి. అందులో మేఘాలు కనిపించవు. మబ్బు లేని రోజుల చిత్రాలను ఏరి, కలిపి కుట్టిన భూమి అది. పక్కపక్కనే ఉన్న రెండు ముక్కలు వేర్వేరు నెలల్లో తీసినవి కావచ్చు. ఒకవైపు పచ్చగా, ఒకవైపు గోధుమరంగులో గీత గీసినట్టు కనిపిస్తే అక్కడ అడవి నరికేశారని కాదు. కొండల ఎత్తును పెంచి చూపించే సెట్టింగ్ ప్రోలో ఉంటుంది. ఎవరైనా దాన్ని మార్చి వదిలేస్తే మామూలు గుట్ట కూడా హిమాలయంలా లేస్తుంది, కాబట్టి పాఠానికి ముందు ఒకసారి చూసుకోండి. దేశాల సరిహద్దుల విషయంలో మాత్రం ఏ ఆన్‌లైన్ మ్యాప్‌నూ చివరి మాటగా తీసుకోకండి. వివాదం ఉన్న సరిహద్దులను గూగుల్ మ్యాప్స్ ఏ దేశం నుంచి చూస్తున్నారన్నదాన్ని బట్టి వేరుగా చూపిస్తుంది. సరిహద్దులకు మీ దేశపు అధికారిక మ్యాపే వాడాలి.

## తాజా డేటా సైట్లు: వాతావరణం, భూకంపాల పాఠాలకు

గాలులు, తుపాన్లు, దుమ్ము, అడవి మంటలు, భూకంపాలు. వీటికి పాఠ్యపుస్తకంలోని బొమ్మ కన్నా ఈ రోజు చిత్రం చాలా బలంగా పనిచేస్తుంది. మూడు పేర్లు గుర్తుంచుకుంటే చాలు.

నాసా వరల్డ్‌వ్యూలో ప్రతిరోజు ఉపగ్రహ చిత్రం దొరుకుతుంది, తేదీ వెనక్కి జరుపుకుంటూ పోవచ్చు. గ్లోబ్‌లో కనిపించని మేఘాలు ఇక్కడ కనిపిస్తాయి. వేసవిలో సహారా దుమ్ము అట్లాంటిక్ మీదుగా పడమటికి సాగిపోవడం చూపించవచ్చు.

ఎర్త్ నల్‌స్కూల్ సైటులో ప్రపంచమంతటా గాలులు గీతలుగా కదులుతుంటాయి. ఉత్తరార్ధగోళంలో తుపాను ఎటు తిరుగుతోందో, దక్షిణార్ధగోళంలో ఎటు తిరుగుతోందో పిల్లలనే వెతకమనండి. ఉత్తరాన అపసవ్యంగా, దక్షిణాన సవ్యంగా తిరుగుతుందని వాళ్లే కనిపెడతారు. భూమధ్యరేఖకు మరీ దగ్గర్లో తుపాను సుడులు ఎందుకు కనబడటం లేదని తర్వాత అడగవచ్చు. భూమి తిరగడం వల్ల గాలిని పక్కకు మళ్లించే కొరియాలిస్ బలం అనే మాట అప్పుడు చెబితే అది ఒక ప్రశ్నకు జవాబుగా వస్తుంది. ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఆ గీతలు నేరుగా కొలిచిన గాలులు కావు, వాతావరణ మోడల్ లెక్కగట్టినవి. పిల్లలకు ఆ తేడా చెప్పాలి.

మూడోది అమెరికా భూగర్భ సర్వే నడిపే భూకంపాల మ్యాప్. గడిచిన రోజు, వారం, నెలలో వచ్చిన భూకంపాలన్నీ చుక్కలుగా ఉంటాయి. ఆ డేటాను సీఎస్‌వీ ఫైలుగా దించుకోవచ్చు. మనం జీఐఎస్‌లోకి అడుగుపెట్టే దారి కూడా ఇదే.

## జీఐఎస్: కష్టం ఎక్కువ, దక్కేదీ ఎక్కువే

క్యూజీఐఎస్ 2002లో మొదలైన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. పూర్తిగా ఉచితం, లాగిన్ లేదు, ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే నెట్ అక్కర్లేదు. ఇన్‌స్టాల్ ఫైలు మాత్రం చాలా పెద్దది, పాత కంప్యూటర్లలో భారంగా కదులుతుంది. బ్రౌజర్‌లో నడిచే ఆర్క్‌జీఐఎస్ ఆన్‌లైన్ చూడటానికి హాయిగా ఉంటుంది. కానీ దానికి అకౌంట్లు కావాలి, మంచి నెట్ కావాలి. ల్యాబ్ ఉండి నెట్ బలహీనంగా ఉంటే క్యూజీఐఎస్, ట్యాబ్‌లు ఉండి నెట్ గట్టిగా ఉంటే వెబ్ జీఐఎస్. ఇందులో పెద్దగా ఆలోచించాల్సింది లేదు.

అసలు ఆలోచించాల్సింది జీఐఎస్ జోలికి వెళ్లాలా వద్దా అని. చిన్న తరగతులకు వద్దు. మెనూలు నేర్పడంలోనే పీరియడ్లు కరిగిపోతాయి. తొమ్మిదో తరగతి నుంచి, అదీ ఏడాదికి రెండు మూడు గట్టి పాఠాలకు మాత్రమే పెట్టుకుంటే దీనంత లోతైన సాధనం ఇంకొకటి లేదు.

మొదటి పాఠంగా భూకంపాలే పెట్టండి. నెల రోజుల్లో వచ్చిన, 4.5 తీవ్రత దాటిన భూకంపాల సీఎస్‌వీ దించుకుని క్యూజీఐఎస్‌లో వేయాలి. చుక్కలు పసిఫిక్ చుట్టూ గొలుసులా పేరుకుంటాయి. ఇంతవరకు మామూలు మ్యాప్‌లోనూ కనిపిస్తుంది. ఇప్పుడు ఆ ఫైలులోనే ఉన్న లోతు అనే కాలమ్‌ను బట్టి చుక్కలకు రంగులు వేయమనాలి. దక్షిణ అమెరికా దగ్గరికి వెళ్లి చూస్తే, పడమటి తీరం వెంబడి తక్కువ లోతువి, తూర్పుకు లోపలికి పోయేకొద్దీ లోతైనవి కనిపిస్తాయి. కొన్ని చోట్ల 600 కిలోమీటర్లకు దరిదాపుల లోతులో కూడా వస్తాయి, కాకపోతే అంత లోతువి అరుదు. అందుకని ఒక్క నెల డేటా బదులు కొన్నేళ్ల డేటా తీసుకుంటే వరస స్పష్టంగా కనబడుతుంది. సముద్రం అడుగున ఉండే భూ పలక ఖండం కిందికి ఏటవాలుగా దిగిపోతోందన్న మాట పుస్తకంలో ఒక గీత బొమ్మగా ఉంటుంది. ఇక్కడ ఆ వాలును పిల్లలే రంగుల్లో బయటికి తీస్తారు.

మొదటిసారి దాదాపు ప్రతి క్లాసులోనూ జరిగే తప్పు ఒకటుంది, అది అక్షాంశం, రేఖాంశం తారుమారు కావడం. సాఫ్ట్‌వేర్ ఎక్స్ అని అడిగే చోట రేఖాంశం ఇవ్వాలి, వై అని అడిగే చోట అక్షాంశం. మనం నోటితో చెప్పేటప్పుడు అక్షాంశం ముందు చెబుతాం కాబట్టి చేయి అటే పోతుంది. అలా తిరగేసి ఇస్తే నైరోబీ నగరం స్పెయిన్‌కు, అల్జీరియాకు మధ్య మధ్యధరా సముద్రంలో తేలుతుంది. దాన్ని వెంటనే సరిచేసేయకండి. "నైరోబీ సముద్రంలోకి ఎలా పోయింది?" అని అడిగి వదిలేయండి. అక్షాంశ రేఖాంశాల గురించి అంతకన్నా మంచి ప్రశ్న తయారుచేసుకోవడం కష్టం.

గుండ్రటి భూమిని చదునైన మ్యాప్‌గా మార్చే పద్ధతుల, అంటే ప్రొజెక్షన్ల, పాఠం కూడా ఇక్కడే బాగా కుదురుతుంది. మెర్కేటర్ 1569లో గీసిన పద్ధతిలో గ్రీన్‌లాండ్, ఆఫ్రికా ఇంచుమించు ఒకే సైజులో కనిపిస్తాయి. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. క్యూజీఐఎస్‌లో ప్రొజెక్షన్‌ను, విస్తీర్ణాలను సరైన నిష్పత్తిలో చూపే ఈక్వల్ ఎర్త్‌కు మార్చగానే గ్రీన్‌లాండ్ కళ్లముందే చిక్కిపోతుంది. జీఐఎస్ పెట్టుకునే ఓపిక లేకపోతే, దేశాలను పట్టుకుని మ్యాప్ మీద జరిపి చూసే 'ది ట్రూ సైజ్' సైటు ఈ ఒక్క పాఠానికి సరిపోతుంది.

## ఫోన్ పట్టుకుని బయటికి

ఖరీదైన ల్యాబ్ కన్నా ఒక్క ఫోన్‌తో, స్కూలు ఆవరణలో జరిగే పాఠం ఎక్కువ నేర్పుతుందంటే కొందరు ఒప్పుకోరు. నేను మాత్రం గ్లోబ్ తర్వాతి స్థానం దీనికే ఇస్తాను. జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు, ఆకాశం కనబడితే చాలు. ఆరుబయట మామూలు ఫోన్ సుమారు 5 మీటర్ల లోపు తేడాతో చోటు చెబుతుంది. గోడల మధ్య, చెట్ల కింద తేడా పెరుగుతుంది.

చేయించదగ్గ పనులు బోలెడు. సిమెంటు నేల మీద, గడ్డి మీద, చెట్టు నీడన ఉష్ణోగ్రతలు కొలిచి చోటుతో సహా రాసుకోవడం. వానపడ్డాక నీరు నిలిచే చోట్లు గుర్తించడం. రోడ్డు మీద ఏ టైమ్‌లో ఎన్ని వాహనాలు పోతున్నాయో లెక్కపెట్టడం. ఉష్ణోగ్రతకు మామూలు థర్మామీటర్ పట్టుకెళ్లండి. ఫోన్ చూపించే వేడి చాలాసార్లు దాని బ్యాటరీది, బయటి గాలిది కాదు.

ఎత్తు కొలవడానికి మాత్రం ఫోన్ జీపీఎస్‌ను నమ్ముకోకండి. నిలువు కొలతలో తేడా ఎక్కువగా ఉంటుంది. పైగా కొన్ని యాప్‌లు సముద్ర మట్టం నుంచి కాకుండా భూమి ఆకారానికి గణితం ఇచ్చిన నున్నటి దీర్ఘగోళం నుంచి ఎత్తు చెబుతాయి. అసలు సముద్ర మట్టం ఆ నున్నటి ఆకారాన్ని అనుసరించదు. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో అయితే దానికన్నా 100 మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. ఆ చుట్టుపక్కల తీరాల్లో ఒడ్డున నిలబడి చూస్తే ఇలాంటి యాప్ ఎత్తును మైనస్‌లో చూపిస్తుంది. పిల్లలు ఫోన్ పాడైందనుకుంటారు. పై తరగతుల వాళ్లకైతే భూమి గురుత్వం అంతటా ఒకేలా లేదని చెప్పడానికి ఇదో మంచి సాకు.

తెచ్చిన వివరాలను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేర్చడం తర్వాతి మెట్టు. 2004లో మొదలైన ఈ ప్రపంచ మ్యాప్‌ను ఎవరైనా దిద్దవచ్చు. తాము చేర్చిన బడి గేటు, చెరువు గట్టు, కాలిబాట నిజమైన మ్యాప్‌లో కనిపించడం పిల్లలకు పెద్ద సంబరం. అయితే దిద్దుబాట్లు అందరికీ కనిపిస్తాయి, ఎవరు ఎప్పుడు చేశారో కూడా. కాబట్టి పిల్లల సొంత పేర్లతో అకౌంట్లు వద్దు, టీచర్ అకౌంట్ నుంచే చేర్చండి. ఇళ్ల గుర్తులు, వాళ్లు రోజూ నడిచే దారులు వద్దే వద్దు. ఫోన్ ఫొటోల్లో తీసిన చోటు వివరం దాగి ఉంటుంది కాబట్టి బయటికి పంపేముందు దాన్ని తీసేయాలి.

## వీఆర్, ఏఆర్: చివర్లో చూడండి

వీఆర్ అంటే హెడ్‌సెట్‌లో కనిపించే కృత్రిమ లోకం, ఏఆర్ అంటే మన ఎదుట ఉన్నదాని మీదే బొమ్మలు చేర్చి చూపించడం. హెడ్‌సెట్ పెట్టుకుని అగ్నిపర్వతం అంచున నిలబడటం మరచిపోలేని అనుభవమే. కానీ క్లాసు లెక్కలు వేరు. ఉన్న నాలుగు హెడ్‌సెట్‌లు అందరికీ వంతుల ప్రకారం తిరిగేసరికి పీరియడ్ అయిపోతుంది. పెట్టుకున్నవాళ్లు ఏం చూస్తున్నారో టీచర్‌కు కనబడదు. కొందరికి తల తిరుగుతుంది. చిన్నపిల్లలు వాడకూడదని తయారీదారులే కనీస వయసు పెడతారు. పైగా కంటెంట్ ఎన్నాళ్లుంటుందో తెలియదు. ఎక్స్‌పెడిషన్స్ మూతపడ్డాక, దానికోసమే కొన్న అట్టపెట్టె వ్యూయర్లు ఎన్నో స్కూళ్లలో బీరువా పాలయ్యాయి.

దీంట్లో ఒక మినహాయింపు ఇస్తాను, ఏఆర్ శాండ్‌బాక్స్‌కు. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్‌లో తయారైంది. ఇసుక పెట్టె, పైన లోతు కొలిచే కెమెరా, ప్రొజెక్టర్. ఇసుకను కుప్పగా పోస్తే దానిమీద కాంటూరు రేఖలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) వాటంతటవే పడతాయి, లోయ తవ్వితే మారిపోతాయి. చేయి చాపితే వాన పడి నీరు పల్లానికి పారుతుంది. కాంటూర్లు దగ్గరగా ఉంటే వాలు ఎక్కువ అన్న మాట చేతివేళ్లకు తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉచితమే గానీ, మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్, అమర్చగలిగే మనిషి కావాలి. చాలా నమూనాలు వాడే కైనెక్ట్ కెమెరా తయారీని మైక్రోసాఫ్ట్ 2017లో ఆపేసింది కూడా. ఒక్క స్కూలుకు భారం, నాలుగైదు స్కూళ్లు కలిసి పెట్టుకుంటే సబబు.

## వీడియోలు, క్విజ్‌లు, చాట్‌బాట్‌లు

వీడియోను తీసిపారేయనక్కర్లేదు. చిన్నది ఎంచుకుని, మొదటిసారి శబ్దం ఆపి వేయండి, వ్యాఖ్యానం పిల్లలను చెప్పమనండి. రెండోసారి శబ్దంతో వేస్తే తాము చెప్పినదాన్ని వాళ్లే దిద్దుకుంటారు.

క్విజ్‌లు రాజధానులు, నదుల పేర్లు నోటికి రావడానికి పనికొస్తాయి. సెటెరా లాంటివి అందుకు చాలు. 2013లో వచ్చిన జియోగెస్సర్ వాటికన్నా ఒక మెట్టు పైన ఉంటుంది. తెలియని వీధిలో దింపి ఇదెక్కడో చెప్పమంటుంది. నీడలు ఎటు పడుతున్నాయి, వాహనాలు ఏ పక్కన పోతున్నాయి, చెట్లు ఏవి, బోర్డుల మీది లిపి ఏది అని గమనించడమే ఆట. కానీ ఆ వీధి చిత్రాలు ప్రపంచమంతా సమానంగా లేవు. ఆఫ్రికాలో చాలా భాగం ఆటలోకి రానే రాదు.

చాట్‌బాట్‌ను పాఠం ప్లాన్ రాయడానికి, ప్రశ్నలు తయారుచేయడానికి వాడుకోండి. మ్యాప్ బొమ్మ గీయమని మాత్రం అడగకండి. సరిహద్దులు వంకరపోతాయి, పేర్లు తప్పుతాయి, అయినా చూడటానికి నిజంలా ఉంటుంది. ఏ బొమ్మలో ఏం తప్పుందో పట్టుకోమని పై తరగతుల వాళ్లకు అదే ఒక పనిగా ఇవ్వవచ్చు.

రుతువులు, పగలు రాత్రుల పాఠానికి స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ గురించి ఒక మాట. జూన్ 21న నార్వేలోని ట్రోమ్సోలో నిలబడినట్టు సెట్ చేస్తే సూర్యుడు అస్తమించడు. కానీ ఎందుకో అర్థం కావాలంటే ఒక బంతి, ఒక బల్బు, చీకటి గది కావాలి. ముందు బంతి, తర్వాతే సాఫ్ట్‌వేర్.

## కాగితపు అట్లాస్ తీసేయవచ్చా?

తీసేయకండి. ఉపగ్రహ చిత్రంలో అన్నీ ఉంటాయి. మ్యాప్‌లో ఎవరో ఏరి పెట్టినవి మాత్రమే ఉంటాయి. ఏది ఉంచారు, ఏది వదిలేశారు, ఎందుకు అన్నది చదవడం వేరే నైపుణ్యం, అది తెరను వేళ్లతో సాగదీస్తే రాదు. పైగా జూమ్ చేస్తూ పోయే పిల్లలకు స్కేలు స్పృహ త్వరగా పోతుంది. ఒక్క సెంటీమీటరుకు ఎన్ని కిలోమీటర్లో దారం పెట్టి కొలిస్తే అది నిలుస్తుంది.

## మీ పరిస్థితి ఏది?

ఒక్క ప్రొజెక్టర్, ఒక్క టీచర్, నెట్ నమ్మకం లేదు. గూగుల్ ఎర్త్ ప్రో, ముందురోజు నింపిపెట్టుకున్న చిత్రాలు, ప్రతి పిల్లవాడి చేతిలో తెల్ల కాగితం. ఊహించి గీయడం, తర్వాత చూడటం. ఇంతకు మించి ఏదీ కొనక్కర్లేదు.

ప్రొజెక్టర్ కూడా లేదు, మీ ఫోన్ ఒక్కటే ఉంది. ఆవరణ సర్వేతో మొదలుపెట్టండి. గుంపుకో పని ఇచ్చి, చోట్లను ఫోన్‌లో మీరు గుర్తించండి, మ్యాప్‌ను పిల్లలు చార్టు మీద గీస్తారు.

ల్యాబ్ ఉంది, పై తరగతులు చెబుతున్నారు. భూకంపాల పాఠంతో క్యూజీఐఎస్ మొదలుపెట్టండి. అన్ని కంప్యూటర్లలో ఒకే వెర్షన్, ఒకే ఫోల్డర్‌లో ఒకే ఫైలు ఉండేలా ముందే పెట్టుకోండి. ఫైలు ఎక్కడుందో వెతకడమే మొదటి రోజు సగం టైమ్ తినేస్తుంది.

ట్యాబ్‌లున్నాయి, నెట్ బాగుంది. తాజా డేటా సైట్లను వారానికోసారి పది నిమిషాలు పెట్టండి. ఒక్కో జట్టుకు ఒక్కో ప్రాంతం అప్పగిస్తే, ఏడాది పొడవునా ఆ ప్రాంతపు వాతావరణాన్ని వాళ్లే కనిపెట్టుకుని ఉంటారు.

హెడ్‌మాస్టరుగా డబ్బు ఒకే దానిమీద పెట్టాలి. హెడ్‌సెట్‌ల మీద పెట్టకండి. మంచి ప్రొజెక్టర్, ముదురు కర్టెన్లు, టీచర్‌కు ప్రాక్టీసు చేసుకోవడానికి వారానికో ఖాళీ పీరియడ్. ఈ మూడింటిలో చివరిదానికి డబ్బు ఖర్చు కాదు గానీ, టైమ్‌టేబుల్‌లో దాన్ని ఇప్పించడమే అన్నిటికన్నా కష్టం.